వారమే కొలమానం: బ్రాడ్‌వే మ్యూజికల్ నటుల వృత్తి ఎలా నడుస్తుంది

బ్రాడ్‌వే అనగానే చాలామందికి అమెరికా రంగస్థలపు పెద్ద పురస్కారమైన టోనీ అవార్డు చేతబట్టుకున్న తార ముఖమో, థియేటరు ముందు దీపాల మధ్య వెలిగే పేరో కళ్ల ముందు మెదులుతుంది. కానీ ఆ వృత్తిలో ఉన్నవారిలో అత్యధికుల జీవితానికి ఆ దృశ్యంతో సంబంధం చాలా తక్కువ. వారి జీతాన్ని వారానికి లెక్కగడతారు. ఆరోగ్య బీమా వస్తుందా రాదా అన్నది ఎన్ని వారాలు పని దొరికిందన్న దానిపై ఆధారపడుతుంది. పెన్షన్ అర్హత కూడా వారాలతోనే ముడిపడి ఉంటుంది. గొంతునూ మోకాళ్లనూ వారానికి ఎనిమిది ప్రదర్శనలకు సరిపోయేలా పొదుపుగా వాడుకోవాలి. సినిమా నటుల జీవితాన్ని చేసిన చిత్రాల పేర్లతో చెప్పవచ్చు గాని, పాటలు, నృత్యాలతో కథ నడిపే మ్యూజికల్ నాటకాల నటుల జీవితాన్ని చెప్పడానికి పాత్రల జాబితా చాలదు, పని దొరికిన వారాలను, దొరకని వారాలను కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఈ కొలమానాన్ని చేతిలో ఉంచుకుని చూస్తే, బయటివారికి గందరగోళంగా కనిపించే ఆడిషన్ పద్ధతులు, రకరకాల బదులు నటులు, యూనియన్ ఒప్పందాలు, హక్కుల తగాదాలు అన్నీ ఒకే కారణం చుట్టూ అల్లుకున్నవని తెలుస్తుంది.

ముందు ఆ ప్రపంచం హద్దులు చెప్పుకోవాలి. వృత్తిపరంగా బ్రాడ్‌వే అంటే న్యూయార్క్ మన్‌హటన్‌లో, ఎక్కువగా టైమ్స్ స్క్వేర్ పరిసరాల్లో ఉన్న 41 థియేటర్లు. అయిదు వందలు, అంతకు మించి సీట్లున్న థియేటర్లకే ఆ హోదా దక్కుతుంది. వంద నుంచి 499 వరకు సీట్లున్నవాటిని ఆఫ్ బ్రాడ్‌వే అంటారు. ఈ సీట్ల లెక్క ప్రేక్షకుడికి పట్టదు గాని నటుడికి ప్రాణం, ఎందుకంటే థియేటరు స్థాయిని బట్టి ఒప్పందం మారుతుంది, ఒప్పందాన్ని బట్టి జీతం మారుతుంది. అదే పాట, అదే నృత్యం, అదే శ్రమ ఒక థియేటరులో ఇంటి అద్దెకు సరిపోతుంది, నాలుగు వీధుల అవతల ఉన్న మరో థియేటరులో సరిపోదు.

ఎనిమిది ఆటల వారం

సంప్రదాయ పట్టిక ప్రకారం సోమవారం సెలవు. మంగళవారం నుంచి శనివారం వరకు ప్రతి రాత్రీ ఆట ఉంటుంది, బుధ, శనివారాల్లో మధ్యాహ్నం అదనంగా ఇంకొకటి, ఆదివారం మధ్యాహ్నం మరొకటి. మొత్తం ఎనిమిది. ఇప్పుడు చాలా నిర్మాణాలు రోజులను అటూ ఇటూ మారుస్తున్నా ఎనిమిదన్న అంకె మాత్రం మారలేదు, ఎందుకంటే థియేటరు అద్దె, సిబ్బంది జీతాలు, ప్రకటనల ఖర్చు కలిసి అయ్యే వారపు వ్యయాన్ని రాబట్టడానికి నిర్మాతలు లెక్కగట్టుకున్న అంకె అది. తెర లేవడానికి అరగంట ముందే నటులందరూ థియేటరులో ఉండి హాజరు పట్టీలో సంతకం చేయాలి. ఆట రెండున్నర గంటలే అయినా, గొంతును వేడెక్కించుకోవడం, ఒళ్లు సాగదీయడం, మేకప్పు, విగ్గు, ఆట ముగిశాక ఒంటిని చల్లబరచుకోవడం కలిపితే అది ఒక పూర్తి పని దినమే. కొత్త నాటకం రంగస్థలం మీద సిద్ధమయ్యే దశలో దీపాలు, శబ్దం, తెరలు, యంత్రాలు అన్నింటినీ నటులతో కలిపి సరిచూసే సాంకేతిక రిహార్సళ్లలో, పన్నెండు గంటల వ్యవధిలో పది గంటలు పనిచేసే పద్ధతి చాలాకాలంగా ఉంది. ఆ రోజుల్లో పగలంతా మారిన సన్నివేశాన్ని నేర్చుకుని, రాత్రి పాత రూపంలోనో సగం మారిన రూపంలోనో ప్రేక్షకుల ముందు ఆడవలసిన సందర్భాలూ ఉంటాయి.

ఈ ఎనిమిది ఆటల భారం అన్నిటికన్నా ముందు గొంతు మీద పడుతుంది. ఒపేరా గాయకులు సాధారణంగా రెండు ప్రదర్శనల మధ్య ఒకటి రెండు రోజుల విశ్రాంతి తీసుకుంటారు, ప్రధాన పాత్ర పాడేవారు వరసగా రెండు రాత్రులు పాడటమే అరుదు. మ్యూజికల్ నటులకు ఆ వెసులుబాటు లేదు. పైగా వారు పాడే తీరు వేరు. మాట్లాడే గొంతు బలాన్ని వదలకుండా, ఆ నిండుదనంతోనే పై స్థాయిని అందుకునే పద్ధతిని బెల్టింగ్ అంటారు. శాస్త్రీయ పాశ్చాత్య సంగీతపు గుండ్రని నాదాన్ని లెజిట్ అంటారు. ఈ రెండింటి మధ్య, వినడానికి బెల్టింగ్ లాగే ఉంటూ గొంతు మీద తక్కువ ఒత్తిడి పెట్టే పద్ధతి మిక్స్. నేటి నటి ఈ మూడింటిలోనూ ఆరితేరి ఉండాలి, ఒక్కోసారి ఒకే పాటలో ఒకదాని నుంచి మరొకదానికి ప్రేక్షకుడికి అతుకు కనిపించకుండా జారిపోవాలి. స్త్రీ పాత్రల పాటల్లో తరచూ వచ్చే పై సి స్వరం దగ్గర స్వరతంత్రులు సెకనుకు 523 సార్లు ఒకదానినొకటి తాకుతాయి. అలాంటి స్వరాన్ని వరసగా కొన్ని క్షణాలు పట్టి ఉంచి, రోజుకు రెండుసార్లు, ఏడాదికి నాలుగు వందల సార్లు అదే తీవ్రతతో పలికించాలంటే ప్రతిభ ఒక్కటే చాలదు. అందుకు ఊపిరి మీద పట్టు కావాలి, ఎక్కడ తగ్గించాలో తెలిసిన సాంకేతిక జ్ఞానం కావాలి.

గాయని, నటి ఎథెల్ మెర్మన్ 1930లో బ్రాడ్‌వేకు వచ్చినప్పుడు నటుల ఒంటి మీద మైకులు లేవు, వెనుక వరస దాకా వినిపించే గొంతే అర్హత. తర్వాతి దశాబ్దాల్లో జుట్టు అంచున, విగ్గు కింద దాచే చిన్న వైర్‌లెస్ మైకులు వచ్చాయి. మైకు వచ్చాక గొంతుకు శ్రమ తగ్గిందని అనుకోవడం సహజం. కానీ జరిగింది అంత సరళం కాదు. మైకు ఆసరాతో గుసగుసను కూడా వినిపించగలిగారు, అది నటనకు మేలు చేసింది. అయితే విద్యుత్ వాద్యాల హోరు మీద పాడే రాక్, పాప్ శైలి నాటకాలు కూడా ఆ మైకు వల్లే సాధ్యమయ్యాయి, స్వరకర్తలు పాటల స్థాయిని పైపైకి తీసుకుపోయారు. ఎక్కువ శబ్దం చేయవలసిన అవసరం పోయినా, ఎక్కువ ఎత్తులో ఎక్కువసేపు నిలవవలసిన అవసరం వచ్చిపడింది.

గొంతు పోతే ఏమవుతుందో చెప్పడానికి జూలీ ఆండ్రూస్ జీవితాన్ని మించిన ఉదాహరణ లేదు. 1956లో ‘మై ఫెయిర్ లేడీ’తో బ్రాడ్‌వేను ఊపేసినప్పుడు ఆమె వయసు ఇరవై ఏళ్లు. నాలుగు స్థాయిల (ఆక్టేవ్‌ల) మేరకు పలుకుతుందని ప్రసిద్ధి పొందిన గొంతు ఆమెది. సినిమా తారగా ప్రపంచమంతా ఎరిగాక, దాదాపు నాలుగు దశాబ్దాల తర్వాత 1995లో ‘విక్టర్/విక్టోరియా’తో మళ్లీ ఎనిమిది ఆటల వారంలోకి వచ్చారు. 1997లో గొంతు ఇబ్బంది పెట్టడంతో నాటకం నుంచి తప్పుకుని శస్త్రచికిత్స చేయించుకున్నారు, ఆ తర్వాత ఆ గానం మళ్లీ తిరిగి రాలేదు. అంతటి పేరు ఉన్నవారికి నటనలోనూ రచనలోనూ మరో దారి దొరికింది. బృందంలో పాడే ఒక సాధారణ నటికి అదే జరిగితే ఆమె జీవనోపాధే పోతుంది. ఆట రోజుల్లో చాలామంది నటులు ఫోన్‌లో మాట్లాడరు, హోరుగా ఉన్న రెస్టారెంటుకు వెళ్లరు, ఆవిరి పడుతూ మౌనంగా గడుపుతారు. చూసేవారికి అది అతి జాగ్రత్తలా ఉండవచ్చు గాని, నాకు మాత్రం అది పనిముట్టును పదిలపరచుకునే పనివాడి క్రమశిక్షణలాగే కనిపిస్తుంది.

శరీరం సంగతీ అంతే. 1996లో అమెరికన్ జర్నల్ ఆఫ్ పబ్లిక్ హెల్త్‌లో వెలువడిన ఒక అధ్యయనం 23 బ్రాడ్‌వే నిర్మాణాల్లోని కళాకారులను ప్రశ్నించగా, సగానికి పైగా ఆ నిర్మాణంలో పనిచేస్తుండగా కనీసం ఒక్కసారైనా గాయపడ్డామని చెప్పారు. ప్రేక్షకులకు వెనుక వరస కూడా కనబడేలా ముందుకు వాలుగా కట్టిన రంగస్థలం గాయాల ముప్పును పెంచుతుంది. ఒకే కదలికను ఒకే కాలి మీద, ఒకే వైపుకు వందలసార్లు చేయడం వల్ల కలిగే అరుగుదల, ఒక్కసారి జారిపడటం కన్నా ఎక్కువమందిని బాధిస్తుంది.

బదులు నిలిచేవారి అంచెలు

మనుషులు ఎనిమిది ఆటలూ తప్పకుండా ఆడలేరు, ఆట మాత్రం ఆగకూడదు. ఈ రెండింటి మధ్య ఖాళీని పూడ్చడానికి పుట్టిన ఏర్పాటే బదులు నటుల వ్యవస్థ, బయటివారు అన్నిటికన్నా ఎక్కువ పొరబడేది ఇక్కడే. అండర్‌స్టడీ అంటే రోజూ నాటకంలో ఏదో ఒక చిన్న పాత్రలోనో బృందంలోనో ఆడుతూ, పెద్ద పాత్రను కూడా సిద్ధం చేసుకుని ఉండే వ్యక్తి. ఆయన లేదా ఆమె పెద్ద పాత్రలోకి వెళ్లిన రోజున వారి స్థానంలోకి ఇంకొకరు రావాలి. స్టాండ్‌బై రోజువారీ నాటకంలో ఉండరు. ఒకటి రెండు ప్రధాన పాత్రల కోసం మాత్రమే, పిలిస్తే కొద్ది నిమిషాల్లో చేరుకునేంత దగ్గరలో ఉంటారు. ఆల్టర్నేట్‌కు మాత్రం వారంలో ఫలానా ఆటలు తనవేనన్న హామీ ఉంటుంది. 1979లో బ్రాడ్‌వేకు వచ్చిన ‘ఎవిటా’లో ప్రధాన పాత్ర గొంతును ఎంతగా పిండేదంటే మధ్యాహ్నపు ఆటలకు వేరే నటిని పెట్టారు. ‘ది ఫాంటమ్ ఆఫ్ ది ఒపేరా’లో క్రిస్టీన్ పాత్రకు వారంలో ఆరు ఆటలు ఒకరు, రెండు ఆటలు మరొకరు అన్న పద్ధతి స్థిరపడిపోయింది.

ఇక స్వింగ్. ఈ వృత్తిలో నా గౌరవం అందరికన్నా ఎక్కువగా వీరికే దక్కుతుంది. స్వింగ్‌కు రోజువారీగా రంగస్థలం మీద చోటు ఉండదు. బృందంలోని అయిదుగురో, ఎనిమిది మందో, పది మందో నటుల పని మొత్తం నేర్చుకుని, ఎవరు రాకపోతే వారిగా మారిపోవాలి. నేర్చుకోవలసింది పాటా మాటా మాత్రమే కాదు. ఒక్కో నటుడి పూర్తి దారిని ట్రాక్ అంటారు: ఏ నిమిషానికి ఏ వైపు నుంచి ప్రవేశించాలి, నాలుగు గొంతుల మేళవింపులో ఏ గొంతు పాడాలి, నృత్యంలో ఎవరిని ఎత్తాలి, ఏ బల్లను ఎప్పుడు తోసుకెళ్లాలి, ముప్పై సెకన్లలో ఏ దుస్తులు మార్చుకోవాలి, చీకట్లో ఎటు తప్పుకోకపోతే కదిలే సెట్టు తగులుతుంది. ఎడమ వైపు నటుడికి బదులు నిన్న ఆడిన వ్యక్తి ఈరోజు కుడి వైపు నటుడిగా, అద్దంలో బొమ్మలా తిరగబడిన అడుగులతో ఆడాలి. ఇద్దరు ముగ్గురు ఒకేసారి సెలవు పెడితే, రెండు ట్రాకులను కలిపి ఎవరూ ఎప్పుడూ రిహార్సల్ చేయని మూడో దారిని అప్పటికప్పుడు కూర్చుకోవాలి. స్వింగ్‌లు తమ కోసం రాసుకునే నోటు పుస్తకాలు, రంగు రంగు గీతలతో, అంకెలతో, నాటకానికి మరో ప్రతిలా ఉంటాయి.

కరోనా ఒమిక్రాన్ దశలో, 2021 డిసెంబరులో ఈ వ్యవస్థ విలువ సామాన్య ప్రేక్షకులకు కూడా తెలిసివచ్చింది. ‘ది మ్యూజిక్ మ్యాన్’లో కథానాయిక సటన్ ఫోస్టర్ అనారోగ్యంతో రాలేకపోగా, డిసెంబరు 23 రాత్రి స్వింగ్ క్యాథీ వోయ్ట్‌కో ఆ పాత్రలోకి వెళ్లారు. ఆమె బాధ్యత కింద ఉన్నవి ఎనిమిది పాత్రలు. ఆ పాత్రకు ఆమెకు మొదటి రిహార్సల్ దొరికింది ఆ రోజు మధ్యాహ్నమే. ఆట ముగిశాక కథానాయకుడు హ్యూ జాక్‌మన్ ప్రేక్షకుల ముందు ఆమెను, మిగతా స్వింగ్‌లనూ అండర్‌స్టడీలనూ బ్రాడ్‌వేకు పునాది వంటివారని కొనియాడారు. ఆ మాటల వీడియో ప్రపంచమంతా తిరిగింది. ఇందులో గమనించవలసిన సంగతి ఇంకొకటి ఉంది. ఆ రోజు రాలేకపోయిన సటన్ ఫోస్టర్ తారగా వెలుగులోకి వచ్చింది కూడా ఇలాగే. 2000లో శాన్ డియేగోలోని లా హోయా ప్లేహౌస్‌లో ‘థరోలీ మోడర్న్ మిల్లీ’ సిద్ధమవుతున్నప్పుడు ఆమె అండర్‌స్టడీ. రిహార్సళ్ల దశలోనే ప్రధాన పాత్ర ఆమెకు వచ్చింది, 2002లో అదే పాత్రకు బ్రాడ్‌వేలో టోనీ అందుకున్నారు.

1954లో ‘ది పజామా గేమ్’లో కరోల్ హానీ కాలు దెబ్బతిన్నప్పుడు షిర్లీ మెక్‌లేన్ బదులు ఆడటం, ఆ ఆట చూసిన నిర్మాత ఆమెను సినిమాకు తీసుకోవడం కూడా ఎన్నోసార్లు చెప్పుకునే కథే. ఇవన్నీ నిజాలే. అయితే ఇవి అరుదుగా జరుగుతాయి కాబట్టే ఇంతకాలం చెప్పుకుంటున్నారు. వందలాది స్వింగ్‌లు, అండర్‌స్టడీలు తమ పనిని ఏ తారాపథానికీ మెట్టుగా చూసుకోరు, అదే ఒక పూర్తి వృత్తిగా దశాబ్దాలపాటు చేస్తారు. టోనీల్లో వీరికి విభాగం లేదు, అసలు నటుల స్థానంలోకి తర్వాత వచ్చినవారూ సాధారణంగా పోటీకి అర్హులు కారు. బృంద నటుల గౌరవానికి వారే కల్పించుకున్న సంప్రదాయం ఒకటి 1950 నుంచి సాగుతోంది. కొత్త మ్యూజికల్ మొదలయ్యే రాత్రి, తెర లేవడానికి ముందు, అందరిలోకీ ఎక్కువ బ్రాడ్‌వే నాటకాల్లో బృంద నటుడిగా చేసిన వ్యక్తికి, పాత నాటకాల గుర్తులు కుట్టిన ఒక అంగీ తొడుగుతారు. 2018 నుంచి దాన్ని లెగసీ రోబ్ అంటున్నారు. ఆ వ్యక్తి అంగీతో రంగస్థలం చుట్టూ మూడుసార్లు తిరుగుతుండగా మిగతా నటులు అదృష్టం కోసం దాన్ని తాకుతారు.

లోపలికి వెళ్లే దారి

నేడు ఎక్కువమంది ఈ వృత్తిలోకి విశ్వవిద్యాలయాల ద్వారా వస్తున్నారు. మిషిగన్, కార్నెగీ మెలన్, సిన్సినాటి వంటి చోట్ల మ్యూజికల్ థియేటర్‌లో నాలుగేళ్ల డిగ్రీలున్నాయి. ఏటా పెద్ద సంఖ్యలో వచ్చే దరఖాస్తుల్లోంచి ఒక్కో తరగతికి తీసుకునేది ఇరవై మంది అటూ ఇటూ. నటన, గానం, బాలే, ట్యాప్, జాజ్ నృత్యాలు, సంగీత లిపి చదవడం అన్నీ అక్కడ నేర్పుతారు. చివరి ఏడాది విద్యార్థులను న్యూయార్క్ తీసుకెళ్లి ఏజెంట్ల ముందు ప్రదర్శింపజేస్తారు. ఫీజులు భారీగా ఉండటం వల్ల ఈ దారి కలిగినవారికే అనుకూలమైపోతోందన్న విమర్శలో నిజముంది. నృత్య పాఠశాల నుంచి నేరుగా బృందంలోకి వచ్చిన వెనకటి తరాల దారి పూర్తిగా మూసుకుపోలేదు గాని ఇరుకైంది.

ఆడిషన్‌లో మొదటి అంచెలో పాడనిచ్చేది సాధారణంగా పదహారు లేదా ముప్పైరెండు బార్లు, అంటే నిమిషం కూడా పట్టని ముక్క. నటులు తమ గొంతుకు నప్పే పాటల స్వరలిపి కాగితాలను ఒక పుస్తకంగా కూర్చుకుని వెంట తీసుకెళ్తారు, అప్పటివరకు వారిని చూడని పియానో వాద్యకారుడు ఆ కాగితం చూసి వెంటనే వాయిస్తాడు. లయ ఎంత వేగమో అతనికి ఒక్క మాటలో చెప్పగలగడం కూడా నేర్చుకోవలసిన విద్యే. నచ్చితే మళ్లీ పిలుస్తారు, దృశ్యం చదివిస్తారు, నృత్యం నేర్పి చూస్తారు, మళ్లీ పిలుస్తారు. చివరి దశ దాకా వెళ్లి ఆగిపోవడానికి గొంతు, నటన కాక, ఇప్పటికే ఎంపికైన నటుడి పక్కన ఎత్తు కుదరకపోవడమో, సెలవుపై వెళ్లే వ్యక్తి దుస్తులు సరిపోకపోవడమో కూడా కారణం కావచ్చు. నిరాకరణకు కారణం చెప్పే ఆనవాయితీ లేదు. ఈ మౌనాన్ని తమ విలువ మీద తీర్పుగా తీసుకోకుండా ఉండటం ఈ వృత్తిలోని అన్ని విద్యలకన్నా కష్టమైనదని నా అభిప్రాయం.

దీనికి తోడు యూనియన్ కార్డు సమస్య. రంగస్థల నటుల యూనియన్ అయిన యాక్టర్స్ ఈక్విటీ అసోసియేషన్ (ఈక్విటీ) సభ్యులకు ఆడిషన్‌లో ముందు అవకాశం ఉంటుంది, సభ్యులు కానివారు తెల్లవారకముందే వచ్చి పేరు రాయించుకుని, సమయం మిగిలితేనే లోపలికి వెళ్లాలి. యూనియన్ ఉద్యోగం ఉంటేనే కార్డు, కార్డు ఉంటేనే ఉద్యోగానికి దారి అన్న ఈ చక్రాన్ని తెంచడానికి ఈక్విటీ 2021లో సభ్యత్వ నియమాలను బాగా సడలించింది. మరోవైపు కార్డు తీసుకున్న నటులు యూనియన్ ఒప్పందం లేని పర్యటన నాటకాల్లో పనిచేయలేరు. అందుకని అనుభవం కోసం కొన్నేళ్లు కార్డు తీసుకోకుండా పర్యటనల్లో, ఓడల్లో, వినోద పార్కుల్లో పనిచేసేవారూ ఉన్నారు. ఇది కేవలం సొంత లెక్కల మీద తేల్చుకోవలసిన విషయం.

జీతం, వారం, మూత

ఈ యూనియన్ లేని రోజుల్లో నటుల పరిస్థితి తెలిస్తే దాని నియమాలు ఇంత పట్టుదలగా ఎందుకున్నాయో అర్థమవుతుంది. రిహార్సళ్లకు జీతం ఉండేది కాదు, మ్యూజికల్‌కు వారాల తరబడి ఉచితంగా సాధన చేసి, నాటకం రెండు రోజుల్లో మూతపడితే రెండు రోజుల జీతంతో ఇంటికి వెళ్లాలి. దుస్తులు సొంత ఖర్చుతో కొనుక్కోవలసి వచ్చేది. పర్యటన మధ్యలో నిర్మాత చేతులెత్తేస్తే తెలియని ఊళ్లో తిరుగు ప్రయాణపు డబ్బు లేక చిక్కుకుపోయేవారు. 1913లో 112 మంది నటులు న్యూయార్క్‌లో ఈక్విటీని స్థాపించారు. 1919 ఆగస్టులో మొదలైన సమ్మె దాదాపు నెల రోజులు సాగి, ఎనిమిది నగరాలకు పాకి, నిర్మాతలు సంఘాన్ని గుర్తించేదాకా ఆగలేదు. ఆ సమ్మెలోనే బృంద గాయకులూ నర్తకులూ నటి మేరీ డ్రెస్లర్ అధ్యక్షతన తమ సంఘాన్ని పెట్టుకున్నారు, 1955లో అది ఈక్విటీలో కలిసింది. పెన్షన్ 1960లో నిర్మాతలతో ఏర్పడిన ప్రతిష్టంభన తర్వాత వచ్చింది.

2020ల మధ్యకు వచ్చేసరికి బ్రాడ్‌వేలో కనీస వారపు జీతం 2,600 డాలర్లు దాటింది. అండర్‌స్టడీ బాధ్యతకు, స్వింగ్‌కు, నృత్య బృందాన్ని సరిచూసే డాన్స్ కెప్టెన్‌కు, ప్రమాదకరమైన విన్యాసాలకు అదనపు చెల్లింపులుంటాయి. ఏడాది పొడవునా పని ఉంటే ఇది లక్ష డాలర్లు దాటే ఆదాయం, న్యూయార్క్‌లో కూడా మర్యాదగా బతకడానికి సరిపోతుంది. కానీ యాభైరెండు వారాలూ పని దొరికేవారు బహు కొద్దిమంది. ఇరవై వారాలు దొరికితే 52,000 డాలర్లు, అందులోంచి పన్నులు, ఏజెంటు వాటా, యూనియన్ చందా పోవాలి, తక్కిన ముప్పైరెండు వారాలు నడవాలి. ఆ మధ్యకాలంలో పాఠాలు చెప్పడం, హోటళ్లలో వడ్డించడం, కొత్త స్వరకర్తల పాటలు రికార్డు చేసి పెట్టడం వంటి పనులతో నెట్టుకొస్తారు. వీటన్నింటికన్నా మిన్నగా వెంటాడేది ఆరోగ్య బీమా. నిర్ణీత కాలంలో ఇన్ని వారాలు పనిచేస్తేనే యూనియన్, నిర్మాతల సంఘం (లీగ్) కలిసి నడిపే ఈక్విటీ–లీగ్ నిధి నుంచి బీమా దక్కుతుంది. నచ్చని పర్యటన ఒప్పందాన్ని కూడా కొందరు ఒప్పుకోవడానికి కారణం, ఆ కొన్ని వారాలు కలిస్తే బీమా నిలుస్తుందన్నదే. 2020 మార్చి 12న బ్రాడ్‌వే మూతపడి, మరుసటి ఏడాది సెప్టెంబరులో గాని పెద్ద మ్యూజికల్‌లు తిరిగి తెరుచుకోకపోవడంతో, వేలాదిమందికి జీతంతోపాటు బీమాకు కావలసిన వారాలు కూడా లేకుండా పోయాయి.

పని ఎంతకాలం ఉంటుందో నటుడి ప్రతిభ నిర్ణయించదు. 1988 ఒక్క సంవత్సరం చూస్తే చాలు. ఆ జనవరిలో ‘ది ఫాంటమ్ ఆఫ్ ది ఒపేరా’ మొదలైంది, 2023 ఏప్రిల్ 16న ముగిసేసరికి 13,981 ఆటలు పూర్తి చేసుకుంది. అదే ఏడాది మే నెలలో ‘క్యారీ’ మొదలై, ముందస్తు ప్రదర్శనలు కాక అయిదు ఆటలతో మూతపడింది. అందులో నటించిన బెట్టీ బక్లీ అప్పటికే ‘క్యాట్స్’కు టోనీ అందుకున్న నటి. ‘ఫాంటమ్’లో జార్జ్ లీ ఆండ్రూస్ అనే నటుడు ఆరేసి నెలల ఒప్పందాలను పొడిగించుకుంటూ 23 ఏళ్లలో 9,382 ఆటలు ఆడి గిన్నిస్ రికార్డుకెక్కారు. 2011లో ఒప్పందం పొడిగించకపోవడంతో ఆయన పనీ ముగిసింది. అంత స్థిరమైన ఉద్యోగం కూడా ఆరు నెలల గడువు మీదే నిలిచిందన్నమాట.

లండన్ నాటకశాలల కేంద్రమైన వెస్ట్ ఎండ్‌లో కూడా ఎనిమిది ఆటలే, కాని ఒప్పందాలు ఎక్కువగా ఏడాది గడువుతో ఉంటాయి, ఏడాదికోసారి బృందంలో చాలామంది మారతారు. జీతాలు బ్రాడ్‌వే కన్నా తక్కువ. అయితే వైద్యం ప్రభుత్వ ఆరోగ్య సేవ చూసుకుంటుంది కనుక వారాల లెక్కకూ ఆసుపత్రికీ ముడి లేదు. ఆ ఒక్క తేడాతో లండన్ నటుడు ఒక పనిని కాదనగలిగే స్వేచ్ఛ ఎక్కువగా అనుభవిస్తాడు.

సృష్టిలో వాటా ఎవరిది

ఒక మ్యూజికల్ ఏళ్ల తరబడి వర్క్‌షాపుల్లో రూపు దిద్దుకుంటుంది. ఆ గదిలో నటులు ఉన్న వాక్యాలు చదివి ఊరుకోరు. వారి గొంతుకు తగ్గట్టు పాట స్థాయి మారుతుంది, వారు వేసిన అడుగు నృత్యంలో చేరుతుంది. 1974 జనవరిలో నృత్య దర్శకుడు మైకేల్ బెనెట్ కొందరు నర్తకులను ఒక రాత్రి కూర్చోబెట్టి వారి జీవితాలను టేపుల మీద రికార్డు చేశారు. వాటిలోంచి పుట్టిన ‘ఎ కోరస్ లైన్’ 1975 నుంచి 1990 వరకు 6,137 ఆటలు ఆడింది. తమ కథల హక్కులను ఆ నర్తకులు తలా ఒక డాలరుకు రాసిచ్చారు. తర్వాత రాయల్టీలో కొంత వాటా ఏర్పాటైనా, ఆ ఒక్క డాలరు ఇప్పటికీ ఈ వృత్తిలో పుండులా గుర్తుండిపోయింది. వర్క్‌షాపు ఒప్పందాల్లో నటులకు వాటా ఉండాలన్న పద్ధతి ఆ అనుభవం నుంచే వచ్చింది. 2010ల నాటికి నిర్మాతలు ఎక్కువ జీతమిచ్చి వాటా ఇవ్వని ‘ల్యాబ్’ ఒప్పందాల వైపు మళ్లారు. 2016లో ‘హామిల్టన్’ మొదటి బృందం లాభాల్లో వాటా సాధించుకుంది. 2019 ఆరంభంలో ఈక్విటీ ఈ ల్యాబ్ పనులను నెల రోజులపాటు నిలిపివేసి, విజయవంతమైన నాటకం లాభాల్లో ఒక శాతం అభివృద్ధి దశ నటులకు దక్కేలా ఒప్పందం రాబట్టింది. ఒక శాతాన్ని చాలామంది పంచుకోవాలి, పెట్టుబడి తిరిగి వచ్చే నాటకాలే తక్కువ. అయినా నటుడు కూలి మాత్రమే కాదు, కర్త కూడా అని కాగితం మీద అంగీకరించినందుకు అది చిన్న విజయమేమీ కాదని నేననుకుంటాను.

వయసు తరువాతి దారులు

నర్తకుల శరీరం ముప్పైల చివరికే అలసిపోవచ్చు, గొంతు మాత్రం నలభైల్లో పండుతుంది. ఏంజెలా లాన్స్‌బరీ ‘మేమ్’తో మ్యూజికల్ తారగా నిలదొక్కుకున్నది నలభై ఏళ్ల వయసులో. 1957లో ‘వెస్ట్ సైడ్ స్టోరీ’లో అనీటాగా మెరిసిన చీటా రివేరా కాలు 1986 కారు ప్రమాదంలో పన్నెండు చోట్ల విరిగింది. తిరిగి నృత్యం నేర్చుకుని అరవయ్యేళ్ల వయసులో, 1993లో, రెండో టోనీ అందుకున్నారు. 82 ఏళ్ల వయసులో 2015లో కొత్త మ్యూజికల్‌కు ప్రధాన పాత్రధారి అయ్యారు. వీరిద్దరూ అసాధారణులు. మిగతావారి కోసం 1985లో మొదలైన కెరీర్ ట్రాన్సిషన్ ఫర్ డాన్సర్స్ అనే సంస్థ, ఇప్పుడు ఎంటర్‌టైన్‌మెంట్ కమ్యూనిటీ ఫండ్‌లో భాగంగా, నర్తకులు రెండో వృత్తికి మారడానికి సలహాలు, చదువుకు సాయం అందిస్తోంది.

రంగస్థలం దిగినా రంగాన్ని వదలని దారులూ ఉన్నాయి, అవి ఎక్కువగా తెరుచుకునేది తెర వెనుక పనిచేసినవారికే. పది ట్రాకులు తెలిసిన స్వింగ్, డాన్స్ కెప్టెన్ అవుతాడు; డాన్స్ కెప్టెన్, అసోసియేట్ కొరియోగ్రాఫర్ (సహ నృత్య దర్శకుడు) అవుతాడు. మరో నగరంలో, మరో దేశంలో అదే నాటకాన్ని కొత్త బృందంతో నిలబెట్టవలసి వచ్చినప్పుడు నిర్మాతలు పిలిచేది వారినే. ప్రతి ప్రవేశం, ప్రతి అడుగు, ప్రతి ముప్పై సెకన్ల దుస్తుల మార్పు రాసిపెట్టుకున్న ఆ నోటు పుస్తకాల్లోంచే ఆ పని మొదలవుతుంది.